మాజీ సైనిక పూజావిధానము

వినాయకచవితికి మన యింట పూజాపుస్తకమున్నది, సత్యనారాయణవ్రతమునకున్నది, గృహప్రవేశమునాడు ఏ పాదము ముందు పెట్టవలెనో చెప్పుటకు పురోహితుడున్నాడు. కాని మంచులోను ఇసుకలోను ఇరువదేండ్లకు పైగా కాపుండి, ఒక ట్రంకుపెట్టెతోను ఒక మోకాలినొప్పితోను ఊరు చేరుకొన్న మాజీ సైనికుని ఏ క్రమమున అర్చింపవలెనో తెలుపు గ్రంథము మాత్రము తెలుగున లేదు. ఆ లోటు పూరింపబూని, మా కాలనీలో పదేండ్లుగా కన్నులార చూచినదానిని, కొంతవరకు చేతులార చేసినదానిని, ఇచట క్రోడీకరించుచున్నాను. ఇందు నా కల్పన స్వల్పము, లోకాచారమే ప్రమాణము.

తొలుత పూజార్హుని నిర్ణయించుకొనవలెను. సైనికులలో ఉత్తముడు స్వర్గస్థుడు. ఆయన దరఖాస్తు పెట్టడు, మన యుపన్యాసము ఎంత దీర్ఘమైనను గడియారము వంక చూడడు. 2020 జూన్‌లో గల్వాన్ లోయలో అమరుడైన కర్నల్ సంతోష్‌బాబునకు సూర్యాపేటలో విగ్రహము నిలిపినారు; ఆయన కుటుంబమును ప్రభుత్వము ఆదుకొన్నది. రెండును సముచితములే, వానిని వెక్కిరించుట నా యుద్దేశము కాదు. నా సందేహమెల్ల, అట్టి విగ్రహమునకు దండవేసి మరలివచ్చు త్రోవలో, అట్టి సరిహద్దునే కాచి ప్రాణములతో తిరిగివచ్చినవాడు ఏటీఎం గది ముందు ప్లాస్టిక్ కుర్చీలో కనబడినపుడు, మన నోట "ఇందులో డబ్బులున్నాయా?" అను మాట తప్ప మరియొకటి ఏల రాదని.

మధ్యముడు, ఇప్పుడు కొలువులోనున్నవాడు. ఆయన ఎంత దూరముననుండిన మనకు అంత ప్రీతి. సియాచిన్ మంచులో నిలిచియున్న సైనికుని చిత్రమును వేడి కాఫీ త్రాగుచు పదుగురికి పంపుట వలన కలుగు పుణ్యము అనుభవించినవారికే తెలియును. ఇక అధముడు, ఇంటికి వచ్చి మన ప్రక్కవాటాలో కాపురమున్నవాడు. ఈ విధానము అతనికొరకే వ్రాయబడినది.

మొదట సంకల్పము. దీనికి కాలనిర్ణయము ముఖ్యము. ఆగస్టు 15, జనవరి 26 ప్రశస్తములు. డిసెంబరు 7 సాయుధదళముల పతాకదినము. 1949 నుండి జరుగుచున్నది. ఆనాడు చిన్న జెండా కొని చొక్కాకు గుచ్చుకొన్నచో ఆ సొమ్ము సైనిక కుటుంబముల సంక్షేమమునకు చేరును. మా చిన్ననాడు బడిలో మాస్టారు డబ్బా పట్టుకొని వచ్చినపుడు, చిల్లర వేయనివానిని లేచి నిలువుమనెడివారు. ఆ భయమే నా తొలి దేశభక్తి. ఇవిగాక మాజీ సైనికులకే ప్రత్యేకించిన దినమొకటి కలదు. మన సైన్యమునకు తొలి భారతీయ సేనాధిపతియైన కరియప్ప 1953 జనవరి 14న పదవీ విరమణ చేసినందున, ఆ తేదీని కేంద్రప్రభుత్వము మాజీ సైనికుల దినముగా పాటించుచున్నది. ఆ సంగతి మనకు తెలియకపోవుట మన తప్పు కాదు. ఆనాడు మనకు భోగియో సంక్రాంతియో అగును. గోదావరి జిల్లాలలో ఆనాడు కత్తి పట్టినవారందరిలోను కోడిపుంజునకే అగ్రపూజ.

తరువాత ఆవాహనము. ఆగస్టు 14 రాత్రి తొమ్మిదింటి తరువాత, అల్పాహారము ఆర్డరిచ్చి, మైకువానితో బేరము కుదుర్చుకొని, జ్ఞప్తికి వచ్చినచో, మిలిటరీగారికి ఫోను చేయవలెను. "రేపు మెడల్సు పెట్టుకుని రండి బాబాయిగారూ, ఫొటోలో బావుంటుంది" అనవలెను. ఆయనకు పేరున్నదన్న సంగతి కాలనీలో కొందరికే తెలియును. ఊరంతయు ఆయనను మిలిటరీగారనియే పిలుచును. మన పట్టణములలో మిలిటరీ హోటలనగా మాంసము దొరకు చోటని అర్థము గనుక, ఆ మాటలో ఆత్మీయత ఎక్కువ.

ఆసనము రెండవ వరుసలో. మొదటి వరుస చందాదారులది. వస్త్రము శాలువ. ఈ యుపచారమును నేను దగ్గరనుండి చూచియున్నాను గనుక విశదముగా చెప్పెదను. శాలువ కప్పునపుడు రెండు చేతులతో కప్పవలెను. కాని ముఖము ఆయన వంక గాక కెమెరా వంక నుండవలెను. గడచిన సంవత్సరము కప్పిన శాలువ అంచున నూటనలుబది రూపాయల చీటీ ఊడకయే యుండెను. మా మిలిటరీగారు ఆ చీటీని సభలో చూచి, ఎవరికంట పడకుండ మడతలోనికి త్రోసి, నమస్కరించి కూర్చుండిరి. ఆయన యింట అట్టివి పదునొకండు కలవు. ఒకటి ఇన్వర్టరు పైని, ఒకటి బియ్యపుబస్తా పైని, ఒకటి మనుమరాలి ఉయ్యాలలోను చూచితిని. లేహ్‌లోనున్న రెండు శీతకాలములలో తనకు శాలువ కప్పినవాడెవడును లేడని ఆయన యొకసారి నవ్వుచు చెప్పగా, కాలనీ అధ్యక్షుడు "అయినా అక్కడ ఇది ఆగదులెండి, పాలియెస్టరు కదా" అనెను. ఆయన గుత్తేదారు, సరకు నాణ్యత తెలిసిన మనిషి.

ఇప్పుడు నైవేద్యము. అన్ని పూజలలోను భక్తుడు దేవునికి నివేదించును. ఈ పూజలో దేవుడే భక్తునికి నివేదింపవలెను. సైనిక క్యాంటీనులో మాజీ సైనికునికి నెలకింతయని చవుకధరకు మద్యపు కోటా కలదు. నియమప్రకారము అది ఆయనకే, ఇతరులకిచ్చుట తప్పు. క్రమశిక్షణ నేర్చుకొనవలెనన్నచో సైన్యమునుండియే నేర్చుకొనవలెనని పగటిపూట వేదికపై గర్జించిన వక్తయే, చీకటిపడిన పిదప గేటునొద్ద గొంతు తగ్గించి, "బాబాయిగారూ, ఈ నెల కోటా తెచ్చారా? మా బావగారు వచ్చారు" అని అడుగుట నేనెరుగుదును. ఆ వక్త నేను కాను. కాని ఆ బావగారు మా చెల్లెలి పెనిమిటియే యని దాచనేల? ఇంతవరకు వ్రాసిన పిదప నాకొకటి తోచుచున్నది: సంవత్సరము పొడవున ఆయన యింటి మెట్లెక్కి, కూర్చుండి, "మోకాలెట్లా ఉంది?" అని అడిగినవారు ఈ సీసా భక్తులే. శాలువ కప్పినవారు ఆ యిల్లు ఏ సందులోనున్నదో యెరుగరు. నిష్కపటభక్తి యెవరిదో పాఠకులే తేల్చుకొనవలెను; నేనీ కేసులో కక్షిదారుడను.

నైవేద్యము స్వీకరించుచు ఈ మంత్రము చెప్పవలెను: "మీకేమండీ, పింఛనుంది, క్యాంటీనుంది, ఆస్పత్రుంది!" ఇది మిక్కిలి శక్తిమంతము. దీనితో మన ఋణమంతయు తీరిపోయి, ఆయనయే మనకు బాకీపడినట్లగును.

పూజలో అతిప్రధాన నియమమొకటి: దేవత వరములీయవలెనే కాని, అడుగరాదు. అడిగిననాడు అపచారము. ఒకే హోదాలో అన్నియే యేండ్లు సేవచేసినవారికి, రిటైరైన సంవత్సరమును బట్టి పింఛను వేరువేరుగా నుండుట అన్యాయమని, 2015 వేసవిలో వృద్ధసైనికులు ఢిల్లీలో జంతర్ మంతర్ నొద్ద బైఠాయించిరి. ఆగస్టు 14న పోలీసులు వారిని అచటినుండి తరలింపజూచి త్రోపులాడిరి. మరునాడు తెల్లవారుసరికి దేశమంతట వీరజవానులకు జోహారులు మిన్నుముట్టినవి. మా కాలనీలోను ముట్టినవి. నిన్న త్రోయబడినవారును నేడు జోహారులందుకొనువారును ఒకరేనన్న అనుమానము సభలో నెవ్వరికిని కలుగలేదు. ఆ నవంబరులో ఆ పింఛనును గూర్చిన ఉత్తర్వులు వెలువడినవి.

మా మిలిటరీగారికి ప్రభుత్వమిచ్చిన మెట్టభూమి కొంత కలదు. పదేండ్లు గడచిన పిదప దానిని అమ్ముకొనవచ్చునని మన ఉత్తర్వులే చెప్పుచున్నవి. కూతురి పెండ్లికి అమ్మబోగా, ఆ సర్వే నంబరు నిషేధిత జాబితాలో, అనగా 22-ఏలో, చేరియున్నదని రిజిస్ట్రేషను కచేరీవారు చెప్పిరి. ఎన్‌ఓసీ కొరకు ఆయన తిరిగిన తిరుగుడు నేనెరుగుదును. ఒకటి రెండుసార్లు నా బండి మీదనే తిరిగితిమి. బల్లకావల కూర్చున్న గుమాస్తా తలయెత్తక, "మాజీ సైనికుడని ఏమిటి రుజువు?" అనెను. ఆయన డిశ్చార్జి పుస్తకము తీసి బల్లపై పెట్టెను. దానిని త్రిప్పుచు గుమాస్తా, "ఇంగ్లీషులో ఉందే" అనెను. పెండ్లి అప్పుతో జరిగినది. నేనెరిగినంతవరకు ఆ ఫైలింకను బ్రతికియే యున్నది.

బ్రతికియుండుటనగా జ్ఞప్తికి వచ్చినది. నవంబరు రాగానే పింఛనుదారుడు తాను జీవించియున్నట్లు రుజువు చూపవలెను. ఇది మాజీ సైనికులకే కాదు, పింఛనుదారులందరికిని ఉన్నదే, తప్పుపట్టుటకు లేదు. ఐనను, ట్రిగ్గరు మీదను, తరువాత పార మీదను అరిగిన ఆయన వ్రేలిని యంత్రము మూడుసార్లు గుర్తింపక, నాలుగవసారి ఎడమచేతి వ్రేలుతో గుర్తించినపుడు, మీసేవా కుర్రవాడు "ఉన్నారండీ, ఉన్నారు!" అని కేకవేయగా, వరుసలోనివారందరు నవ్విరి. ఆయనయు నవ్వెను.

ఈ విధానము వర్తింపని ఊళ్లును లేకపోలేదు. తాడేపల్లిగూడెము దగ్గరి మాధవరమును మిలిటరీ మాధవరమనియే పిలుతురు. మొదటి ప్రపంచయుద్ధమునాటినుండి ఆ యూరివారు తరతరములుగా సైన్యమున చేరుచున్నారు. అచట ఈ పుస్తకమొక్క ప్రతి అమ్ముడుపోదు. ఇంటింట ఒక మిలిటరీగారున్నచోట శాలువలెవరు కప్పుదురు, ఎవరికి కప్పుదురు?

చివరిది నీరాజనము, అనగా జెండావందనము. తాడు లాగువాడు అధ్యక్షుడు. లాగిన వెంటనే విప్పారి పూలు రాలునట్లు ముడి వేయుట మిలిటరీగారి పని. ఆ ముడి మా కాలనీలో మరియెవరికిని రాదు. ఒక సంవత్సరము ఆయన ఊరిలో లేకపోగా, జెండా మూటగనే యుండి, కుర్రవాడొకడు స్తంభమెక్కవలసివచ్చెను. జాతీయగీతమైన పిదప అల్పాహారము. ఆ తరువాత ఉద్వాసన. వినాయకుని నీటిలో కలుపుటకు మేళమున్నది. దీనికి మేళము లేదు, అందరును ఇండ్లకు పోవుటయే.

రాత్రియు జెండా ఎగురవచ్చునని 2022లో నిబంధన సడలించినారు. ఆయన పాతవాడు, సూర్యుడు క్రుంకువేళకు దించకున్న నిద్రపట్టదట. మొన్నటి ఆగస్టు 15 సాయంకాలము మేడమీదినుండి చూచితిని. చెప్పులు విడిచి, ఒంటరిగా తాడు వదలుచు, జెండా నేల తాకకుండ భుజముపై వేసికొని, కుర్చీపై పరచి మడతపెట్టుచుండెను. క్రింద ఉదయపు ఇడ్లీ పొట్లాలింకను పడియున్నవి. ఏదో అనవలెనని తోచి, "మిలిటరీగారూ!" అని పిలిచితిని.

తలయెత్తక మడత సరిచేయుచు, "శనివారం రండి బాబూ. ఈ నెల కోటా ఇంకా తేలేదు" అనెను.

అందుకు పిలువలేదని చెప్పబోయి, శనివారము ఎన్నింటికని అడిగితిని.