కరెంటుతో పనిలేనిదాన్ని

విప్పితే నా మూడు చేతులూ ఒక్కోటి దాదాపు అర మీటరు ఉంటాయి. మడిస్తే సన్నటి ప్లాస్టిక్ డబ్బాలో ఒదిగిపోతాను. ఎర్రటి రిఫ్లెక్టరు అంచు, దాని లోపలివైపు నారింజ రంగు పట్టీ, గాలికి పడిపోకుండా కింద ఇనుప కాళ్లు, అంతే నేను. వార్నింగ్ ట్రయాంగిల్‌ని. కోటి రూపాయల పైచిలుకు కారు ఒకటి హైదరాబాదు షోరూములోంచి బయటికొచ్చిన రోజు నుంచీ దాని డిక్కీయే నా ఇల్లు.

నా ఎర్ర అంచుని కళ్లకి దగ్గరగా పెట్టుకుని చూస్తే లోపల సన్నటి గళ్లు కనిపిస్తాయి. ఒక్కో గడీ గది మూలలాంటిది. రెండు గోడలూ నేలా కలిసే చోటు ఉంటుందే, అలాగ. అందులో పడిన వెలుతురు మూడు ముఖాలకీ తగిలి, వచ్చిన దారినే వెనక్కి వెళ్తుంది. మామూలు అద్దమైతే వెలుతురుని ఇంకో పక్కకి విసిరేస్తుంది. నేను ఎవరి హెడ్‌లైటు వెలుతురు వాళ్ల కళ్లకే తిప్పి పంపుతాను, లారీ కాస్త ఏటవాలుగా వచ్చినా సరే. ఇందుకు బ్యాటరీ అక్కర్లేదు, ఫ్యూజు అక్కర్లేదు, సాఫ్ట్‌వేరు అక్కర్లేదు. గొప్పకి చెప్పడం లేదు. నేనున్న బండిలో కరెంటు అక్కర్లేని వస్తువులు చాలా తక్కువ, అందుకని చెప్తున్నాను.

నా పక్కనే, డిక్కీ అడుగున, బ్యాటరీ ఉండేది. ఖరీదైన కార్లలో చాలావాటికి అది బానెట్ కింద ఉండదు. ఇంజిను వేడికి దూరంగా ఉంటుందని, ముందు బరువు కొంత వెనక్కి సర్దుకుంటుందని డిక్కీలో పెడతారు. లోపల ఆరు గదులు, ఒక్కోదానికి రెండు వోల్టుల పైచిలుకు, నిండుగా ఉంటే మొత్తం 12.6 వోల్టులు. దాన్నుంచి బొటనవేలు లావు ఎర్ర కేబులు పక్కనున్న ఫ్యూజు బాక్సుకి వెళ్తుంది. ముందు ఆల్టర్నేటర్ నుంచి వచ్చే కేబులూ అక్కడ అదే బోల్టు మీద కలుస్తుంది. బండి మొత్తానికి పంపకం అక్కణ్నించే.

మొత్తానికి అంటే నిజంగా మొత్తానికే. పాత డీజిల్ అంబాసిడర్ ఒకసారి స్టార్టయిందంటే బ్యాటరీ పీకేసినా నడిచేది. దాని గేరుకి రాడ్లుండేవి, హ్యాండ్‌బ్రేకుకి కేబులుండేది, డిక్కీకి తాళం కన్నం ఉండేది. నా బండిలో గేరు లివరు ఒక స్విచ్చు. హ్యాండ్‌బ్రేకు ఒక బటను. స్టీరింగుకి బలమిచ్చేది మోటారు. నిలబడ్డ చోట చక్రాలు తిప్పాలంటే ఆ మోటారు ఒక్కటే వంద ఆంపియర్ల దాకా లాగగలదు. అద్దాలు, వైపర్లు, తాళాలు, డిక్కీ మూత, అన్నిటికీ కరెంటే దిక్కు. 1991లో మెర్సిడెస్ ఎస్-క్లాస్‌లో క్యాన్ అనే ఏర్పాటు వచ్చింది. బాష్ కంపెనీ తయారుచేసిన పద్ధతి అది. జంట తీగల మీద ఎన్నో కంట్రోల్ యూనిట్లు మాట్లాడుకుంటాయి. ఇప్పుడు ఇలాంటి కార్లలో ఆ యూనిట్లు డజన్ల కొద్దీ ఉంటాయి, కొన్నింట్లో వందకి దగ్గర. వాటి మేలు కాదనను. వానలో బండి జారి గింగిరాలు కొట్టకుండా ఆపేది అవే. నా బాధంతా ఒకటే. ఇన్ని ప్రాణాలకి భరోసా ఇచ్చే యంత్రాలు ఒకే బోల్టుని నమ్ముకుని ఉంటే, ఆ బోల్టు మోసం చేసిన రోజున ఏం చెయ్యాలో కార్లో కూర్చునేవాళ్లకి ఎవరూ చెప్పడం లేదు.

డెలివరీ రోజు నాకు బాగా గుర్తు. షోరూమ్ అబ్బాయి సీటు మసాజు చూపించాడు, లోపలి దీపాలు ఎన్ని రంగులు మారతాయో చూపించాడు, ఫోను కలిపి పాటలు పెట్టాడు. డాక్టరుగారు, వాళ్లమ్మగారు, డ్రైవరు యాదగిరి శ్రద్ధగా విన్నారు. డిక్కీలో కార్పెట్టు ఎత్తి నన్ను మాత్రం చూపించలేదు. రిమోటు తాళంలోపల దాగున్న ఇనుప తాళంచెవిని బయటికి లాగి, అది ఏ కన్నంలో పడుతుందో చెప్పనూలేదు.

కొన్నాళ్లకి బయట ఒక షాపులో డాష్‌క్యామ్ పెట్టించారు. కరెంటు కోసం అక్కడి కుర్రవాడు ఫ్యూజు బాక్సు మీది పెద్ద నట్టు విప్పాడు. రెండు లావు కేబుళ్ల మధ్యకి తన సన్న తీగ కొన దూర్చి చేతి పానాతో మళ్లీ బిగించాడు. ఆ నట్టుని ఎంత బలంతో బిగించాలో తయారీదారు లెక్క ఇస్తాడు, అందుకు టార్క్ రెంచ్ వాడతారు. ఆ కుర్రవాడి దగ్గర అది లేదు. రాగి రాగికి గట్టిగా అదుముకోవాల్సిన చోట సందు పడింది.

వంద ఆంపియర్లు పారే దారిలో ఓములో నూరో వంతు అడ్డు చాలు. ఒక వోల్టు అక్కడే పోతుంది, వంద వాట్ల వేడి పుడుతుంది. వేడికి లోహం మీద పొర పడుతుంది, పొరకి అడ్డు పెరుగుతుంది, అడ్డుకి మళ్లీ వేడి పెరుగుతుంది. అటువైపున్న నా డబ్బా అంచు మెత్తబడి కొంచెం వంగింది. పైనున్నవాళ్లకీ ఆనవాళ్లు అందకపోలేదు. సిగ్నల్ దగ్గర ఇంజిను దానంతటది ఆగి స్టార్టయ్యే ఏర్పాటు పని చెయ్యడం మానేసింది. గుంతలో పడ్డప్పుడల్లా స్క్రీను ఒక్క క్షణం ఆరి వెలిగేది. "సార్, ఒక్కసారి చూపిద్దాం" అన్నాడు యాదగిరి. "వచ్చే నెల సర్వీసుంది కదా, అప్పుడు చెబుదాం" అన్నారు డాక్టరుగారు. స్క్రీను వెంటనే వెలుగుతుంటే ఎవరైనా అలాగే అంటారు.

విజయవాడ నుంచి తిరిగొస్తున్నాం. కోదాడ దాటింది, సూర్యాపేట ఇంకా రాలేదు. జాతీయ రహదారి 65 మీద రాత్రిపూట లారీల జోరు ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు. నా పక్కన టిక్కుమని చప్పుడైంది. ఇంజిను మోత లేదు, ఏసీ గాలి లేదు. రోడ్డు మీద టైర్లు పారే శబ్దం ఒక్కటే మిగిలింది.

"యాదగిరీ, లైట్లేవయ్యా!"

"అన్నీ బందయినయి సార్. బెల్టులు తీయకుర్రి."

ఆ క్షణంలో అతను చేసిన పని నాకు ఇప్పటికీ అబ్బురమే. బ్రేకు తొక్కలేదు. బండికి ఇంకా ఊపు ఉంది, ఆ ఊపు ఉన్నంతసేపే పక్కకి తప్పుకునే అవకాశం. బిగుసుకున్న స్టీరింగుని రెండు చేతులా బలంగా లాగి ఎడమకి తెచ్చాడు. అప్పుడు ఒకే ఒక్కసారి, వదలకుండా, బ్రేకు అదిమాడు. ఇంజిను ఆగాక బూస్టరులో మిగిలే వాక్యూమ్ ఒకటి రెండు తొక్కుళ్లకే సరిపోతుంది. కంగారులో టపటపా తొక్కితే ఆ కాస్తా అయిపోయి పెడలు రాయిలా మారుతుంది. బ్రేకు అప్పుడూ పడుతుంది కానీ ఒంటికాలి మీద నిలబడ్డంత బలం పెట్టాలి. ఎడమ చక్రాలు రోడ్డు అంచు దాటి మట్టిలో దిగాయి. కుడి పక్క కొంత లేనులోనే ఉండిపోయింది. ఇంకొంచెం నెడదామంటే వీల్లేదు. బండి ఆగగానే గేరుబాక్సు పార్కింగ్‌లో పడి బిగుసుకుంది, దాన్ని న్యూట్రల్లోకి తేవడానికీ కరెంటే కావాలి.

నల్ల కారు, నల్ల రోడ్డు, వెనక ఒక్క దీపం లేదు. హజార్డ్ స్విచ్చు నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. ఎడమవైపు తలుపుల లోపలి హ్యాండిలు రెండుసార్లు లాగితే తాళం పడ్డా తెరుచుకుంటుందని యాదగిరికి తెలుసు. "అమ్మా, ఇటు దిగుర్రి. రెయిలింగు అవతలికి పోయి నిలబడుర్రి" అని పెద్దావిడని దాటించాడు. డాక్టరుగారు ఫోను టార్చి ఊపుతూ బండి వెనకాలకి రాబోతే, "అక్కడ నిలబడకుర్రి సార్, బండినే చూస్తలేరు, మిమ్మల్నేం చూస్తరు!" అని కేకేశాడు. రోజూ మెల్లగా మాట్లాడే మనిషి.

డిక్కీ తెరవలేదు. బటను చచ్చింది, రిమోటు చచ్చింది. దాచిన తాళంచెవి లాగాడు. దానికి కన్నం డ్రైవరు తలుపుకే ఉంది, డిక్కీకి లేదు. కరెంటు పోయినప్పుడు పనికొచ్చే వస్తువుని కరెంటు ఉంటే తప్ప తెరుచుకోని పెట్టెలో పెట్టారు. ఈ సంగతి డ్రాయింగు బల్ల మీదే ఎవరికో తట్టి ఉండాల్సింది. తట్టకపోవడం నాకు కోపం తెప్పిస్తుంది. ఒక లారీ చివరి క్షణంలో చూసి హారను మోగిస్తూ పక్కకి కోసుకుపోయింది. ఆ గాలికి బండి ఊగింది.

వెనక సీటు మీద బోర్లా పడుకుని మధ్యలో ఆర్మ్‌రెస్టు కిందికి లాగాడు యాదగిరి. దాని వెనక చిన్న తలుపు ఉంది, పొడుగు సామాన్ల కోసం. అందులోంచి భుజం దాకా చెయ్యి దూర్చాడు. గొడుగు తగిలింది, టూల్ సంచి తగిలింది, కార్పెట్టు అంచు ఎత్తాడు, నేను తగిలాను.

నన్ను తీసుకుని రెయిలింగు అవతల నుంచి, వచ్చే బండ్లకి ఎదురుగా నడిచాడు. చాలా దూరం నడిచాడు. గంటకి 100 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి సెకనుకి దాదాపు 28 మీటర్లు దూసుకొస్తుంది. యాభై మీటర్లంటే రెండు సెకన్లు కూడా లేదు. డ్రైవరు చూసి, అర్థం చేసుకుని, కాలు బ్రేకు మీదికి తెచ్చేసరికే అందులో చాలా భాగం కరిగిపోతుంది. అందుకే బ్రిటన్ రహదారి నియమావళి కనీసం 45 మీటర్లు వెనక పెట్టమంటూనే, మోటార్‌వేల మీద మాత్రం నన్ను అసలు పెట్టొద్దంటుంది. అక్కడి వేగంలో నన్ను పెట్టడానికి నడిచేవాడి ప్రాణమే ముందు పోతుందని. ఆ మాట న్యాయమే.

కాళ్లు విప్పి నిలబెట్టాడు. దూరంగా ఇంకో లారీ మలుపు తిరిగింది. దాని వెలుతురు తగలగానే నా గళ్లన్నీ ఒక్కసారి మండాయి. డ్రైవరు డిప్పరు కొట్టాడు, కుడి ఇండికేటరు వేశాడు, వేగం తగ్గించి పక్క లేనులోకి వెళ్లాడు. దాని వెనకాలే వచ్చినవీ వరసగా అటే వెళ్లాయి. డాక్టరుగారు అప్పటికి జాతీయ రహదారుల సహాయ నంబరు 1033కి ఫోను చేశారు. పెట్రోలింగు బండి వచ్చి కోన్లు పేర్చేదాకా అక్కడ నిలబడింది నేనే.

అందరికీ ఇలా జరగలేదు. 2016 క్రిస్మస్ రోజున దక్షిణ ఇంగ్లండ్‌లో, దీపాల్లేని రోడ్డు మీద ఒక బీఎండబ్ల్యూ కారు కరెంటు మొత్తం పోయి, వెనక లైట్లు కూడా లేకుండా ఆగిపోయింది. వెనక నుంచి చిన్న కార్లో వస్తున్న ఒక పెద్దాయన దాన్ని తప్పించబోయి చెట్టుకి గుద్దుకుని చనిపోయారు. ఆగిన కారు ఆయనది కాదు, లోపమూ ఆయన కార్లో లేదు. బ్యాటరీ కేబులు కలిసే చోట కనెక్షను పాడై బండి ఆగిపోవచ్చని అదే కంపెనీ 2013లోనే అమెరికాలో ఐదు లక్షలకి పైగా కార్లని వెనక్కి పిలిచింది. బ్రిటన్‌లో అలాంటి పిలుపు మూడు లక్షల కార్లకి విస్తరించింది 2018 మే నెలలో, ఆ చావు మీద విచారణ జరిగాక. ఈ తేదీలు పక్కపక్కన పెట్టి చూసినప్పుడల్లా ఆ పెద్దాయనే గుర్తొస్తారు నాకు. రీకాల్ ఉత్తరం వస్తే అది కంపెనీకీ యజమానికీ మధ్య వ్యవహారం అనుకుని పక్కన పడేస్తారు చాలామంది. దానిమీద ఆధారపడ్డవాడు వెనక బండిలో ఉంటాడు, ఆ ఉత్తరం అతనికి రాదు.

మా బండిని వర్క్‌షాపుకి తెచ్చి స్కానరు పెట్టారు. యూనిట్లన్నీ తలా ఒక ఫిర్యాదు రాసి ఉంచాయి, వోల్టేజి తగ్గింది, వోల్టేజి తగ్గింది అని. ఎందుకు తగ్గిందో ఒక్కటీ రాయలేదు, వాటికి తెలిసే వీల్లేదు. తల నెరిసిన మెకానిక్ ఒకాయన ఫ్యూజు బాక్సు మూత తీసి వేలితో చూపించాడు. నట్టు నల్లబడింది, కింద ప్లాస్టిక్కు పొంగి బుడగలు కట్టింది. బోల్టు, కేబులు కొన, బాక్సు మార్చి, టార్క్ రెంచ్‌తో బిగించి, అది టక్కుమనే చప్పుడు యాదగిరికి వినిపించాడు.

నేనిప్పుడు డిక్కీలో లేను. ముందు సీటు వీపు వెనక సంచీలో, నా మీదుగా ఒక బెల్టుతో ఉన్నాను, చెయ్యి చాపితే అందేలా. ఇనుప తాళంచెవి బయటికి లాగడం అమ్మగారు కూడా నేర్చుకున్నారు. యాదగిరి అంతటితో ఊరుకోలేదు. ఆదివారం అపార్ట్‌మెంటు సెల్లారులో తోటి డ్రైవర్లని పోగేసి బండి బండికీ తిరిగాడు. ఒక దాంట్లో నాలాంటిది కవరు కూడా విప్పకుండా స్టెపినీ కింద ఇరుక్కుని ఉంది. ఒక దాంట్లో అసలు లేదు. మూడో కారు డ్రైవరు, కొత్తగా చేరిన పిల్లాడు, రిమోటు నొక్కి డిక్కీ తెరవబోయాడు. యాదగిరి అతని చేతిలోంచి రిమోటు తీసుకున్నాడు.

"ఇది పని చేస్తలేదనుకో తమ్మీ. ఇప్పుడు తెరువు."