వేప్‌తో విమానం ఎక్కే తమ్ముడికి అన్నయ్య సలహాలు

తమ్ముడూ,

సంక్రాంతికి డల్లాస్ నుంచి హైదరాబాద్ వెళ్తున్నావని తెలిసింది. అమ్మకు విటమిన్ మాత్రలు, బాబాయికి సెంటు సీసా, పిల్లలకు చాక్లెట్లు సర్దేశావట. ఇక మిగిలిందల్లా నీ మెడలో తాయెత్తులా వేలాడే ఆ వేప్, అదే ఇ-సిగరెట్. దాన్ని ఎక్కడ పెట్టాలా అని కూర్చుని నిబంధనలు చదువుతున్నావని విని మనసు చివుక్కుమంది. నేనుండగా నీకు నిబంధనలెందుకు? కన్యాశుల్కంలో వెంకటేశానికి గిరీశం దొరికినట్టు నీకు నేను దొరికాను. ఆ కుర్రాడు పరీక్ష తప్పితే తప్పాడు గానీ, చుట్ట కాల్చడంలో మాత్రం ఏ లోటూ రాలేదు.

ముందు అసలు సంగతి. వేప్, విడి బ్యాటరీలు, అన్నీ చెక్‌ఇన్ పెట్టెలోనే వెయ్యి. జీన్స్ ప్యాంట్ల మధ్య, వెచ్చగా. అమెరికా రవాణా శాఖ వాళ్లు 2015 నుంచీ దీనికి అడ్డం తిరిగి మాట్లాడుతున్నారు. చెక్‌ఇన్ సామానులో వద్దు, చేతి సంచీలోనో ఒంటి మీదో పెట్టుకోండి అంటారు. ఎందుకయ్యా అంటే, పైన మనుషుల మధ్య ఉంటే పొగ రాగానే ఎవరో ఒకరు చూస్తారట, సిబ్బంది వచ్చి ఆర్పేస్తారట. అంతమంది ముందు నీ సంచీ తగలబడితే పరువేం కావాలి? కింద సామాన్ల అరలో ఆ బెడద లేదు, చూసేవాడే ఉండడు. 2014 ఆగస్టులో బోస్టన్ విమానాశ్రయంలో ఒక ప్రయాణికుడు ఇలాగే పెట్టెలో పెట్టాడు. అరలో నిప్పంటుకుంది, విమానం ఖాళీ చేయించారు. 2015 జనవరిలో లాస్ ఏంజెలెస్‌లో ఇంకో పెట్టె. అది ఆలస్యంగా వచ్చి, ఎక్కాల్సిన విమానం తప్పిపోయి, సామాన్లు ఉంచే చోటే కాలింది. అదే పెట్టె వేళకు వచ్చి గాల్లోకి లేచి ఉంటే ఏమయ్యేదో ఆలోచించకు. అలా ఆలోచించుకుంటూ కూర్చుంటే ప్రయాణాలు సాగవు.

అరలో హేలాన్ వాయువు ఉంటుంది కదా, అదే చూసుకుంటుంది అనుకో. హేలాన్ మంటను అణిచేమాట నిజమే. కానీ లిథియం బ్యాటరీలో ఒక సెల్ అదుపు తప్పి వేడెక్కితే, ఆ వేడి పక్క సెల్‌ను, అది దాని పక్కదాన్ని రాజేస్తూ పోతుంది. ఆ వరసను ఆపడం హేలాన్ వల్ల కాదు. ఇంత సైన్సు నీకు అనవసరం. నీకు కావాల్సింది నమ్మకం.

దగ్గర ఉంచుకునే విడి బ్యాటరీలకు ప్లాస్టిక్ డబ్బాలు అమ్ముతారు. రెండు డాలర్లు దండగ. ఇంటి తాళాలు, చిల్లర నాణేలు వేసుకునే జేబులోనే అవీ పడేయి. వేప్‌లో వాడే 18650 సెల్‌ను ఒకసారి దగ్గరగా చూడు. పైన బొడిపె ప్లస్సు. దాని చుట్టూ ఉన్న అంచు మొదలుకొని ఒళ్లంతా మైనస్సే. రెంటి మధ్య అడ్డు సన్నటి రింగు, పైన వెంట్రుకంత మందం ప్లాస్టిక్ తొడుగు. ఆ తొడుగు కాస్త చిరిగి, తాళంచెవి అడ్డంగా పడిందంటే కరెంటుకు అంతకన్నా దగ్గరి దారి ఉండదు. జేబులో కాలేది ఏ భాగమో నీకు వేరే చెప్పక్కర్లేదు.

ఎన్ని బ్యాటరీలు తీసుకెళ్లొచ్చో లెక్క నేను చెబుతాను. నిబంధన 100 వాట్ అవర్లు. నీ సెల్ 3.7 వోల్టులు, 3 ఆంపియర్ అవర్లు. గుణిస్తే 11 చిల్లర. నూటిని పదకొండుతో భాగిస్తే తొమ్మిది. కాబట్టి తొమ్మిది సెల్స్ రబ్బరు బ్యాండు వేసి కట్టేయి. ఆ 100 అనేది ఒక్కో బ్యాటరీకి పెట్టిన హద్దు, రేషన్ కోటా కాదు, పైగా ప్రతి విడి బ్యాటరీకీ షార్ట్ కాకుండా విడిగా రక్షణ ఉండాలి అని ఎవడైనా అంటే, వాడికి లెక్కలు రావని వదిలేయి. ఇంజినీరింగ్ చదివింది నువ్వు.

ఇక ట్యాంకు. పూర్తిగా ఖాళీ చేయకు, పూర్తిగా నింపకు. సగానికి ఉంచు. విమానం పైకి లేచాక క్యాబిన్లో గాలి పలచబడుతుంది. 8,000 అడుగుల కొండ మీద ఎంత ఉంటుందో, పలచబడితే అంత దాకా పలచబడొచ్చు. అక్కడ పీడనం సముద్ర మట్టం దగ్గర ఉన్నదాంట్లో ముప్పావు వంతు. ట్యాంకులో సగం గాలి ఉంచావు కదా, ఆ గాలి మూడో వంతు ఉబ్బుతుంది. ఉబ్బి, కింద ఉన్న లిక్విడ్‌ను దూదిలోంచి, కాయిల్‌లోంచి, గాలి రంధ్రాల్లోంచి బయటికి తోస్తుంది. వేప్‌ను చొక్కా జేబులో పెట్టుకున్నావంటే సరిగ్గా సీట్‌బెల్ట్ లైటు ఆరే వేళకు నీ గుండెల మీద జిగటగా, మామిడిపండు వాసనతో, నికోటిన్ కలిసిన మరక. పక్క సీటులో మామ్మగారు "పండ్లు తెచ్చుకున్నావా బాబూ" అని అడుగుతారు. అవునండి అను. నికోటిన్ చర్మంలోంచి కూడా లోపలికి దిగుతుందని ఆవిడకు చెప్పి భయపెట్టకు.

లిక్విడ్ సీసా 120 మిల్లీలీటర్లదా? అందులో అడుగున చెంచాడే మిగిలిందా? అయితే సెక్యూరిటీ దగ్గర వాదించడానికి మంచి అవకాశం. వాళ్లు చూసేది సీసా మీద రాసిన సైజు, 100 దాటితే బుట్టలో పడేస్తారు. నీ వెనక నిలబడ్డ యాభై మంది నీ వాదన శ్రద్ధగా వింటారు.

నా మాట వినకుండా వేప్‌ను చేతి సంచీలోనే పెట్టుకున్నావనుకో, గేటు దగ్గర ఒక ఘట్టం ఉంది, చాలామంది మర్చిపోతారు. పైన అరలు నిండిపోయాయని చెప్పి చేతి సంచీలను కూడా తీసుకుని కింద వేస్తారు. ట్యాగు కట్టే అమ్మాయి "బ్యాటరీలు, ఇ-సిగరెట్లు ఏమైనా ఉన్నాయా, ఉంటే తీసి దగ్గర పెట్టుకోండి" అని అడుగుతుంది. తల అడ్డంగా ఊపు. జిప్పు తీయడం ఎంత శ్రమ! పొద్దున్నుంచీ నిబంధన ప్రకారం పైన ఉన్న వస్తువు ఆ ఒక్క తల ఊపుతో కిందికి చేరిపోతుంది.

ఇప్పుడు నువ్వు ఎదురుచూస్తున్న అధ్యాయం. పద్నాలుగు పదిహేను గంటల ప్రయాణం, నాలుగో గంటకే వేళ్లు వణుకుతాయి. వేప్ దగ్గరే మిగిలి ఉంటే లేచి బాత్రూమ్‌కు వెళ్లు. తలుపు మీద పొగ తాగరాదన్న బొమ్మ, దాని దగ్గరే చిన్న ఇనుప యాష్‌ట్రే ఉంటాయి. దాన్ని ఆహ్వానపత్రికగా తీసుకో. తాగకూడదంటూనే బూడిద గిన్నె పెట్టారంటే ఏమిటి అర్థం?

అర్థం ఏమిటో పారిస్‌లో తెలిసింది. 1973 జూలై 11న రియో నుంచి పారిస్ వస్తున్న వారిగ్ సంస్థ బోయింగ్ 707లో వెనక బాత్రూమ్‌లో నిప్పు పుట్టింది. చెత్తబుట్టలో పడ్డ సిగరెట్టే కారణం అయి ఉండొచ్చని అనుకున్నారు. పైలట్లు కిటికీల్లోంచి తలలు బయటపెట్టి, ఓర్లీ విమానాశ్రయానికి కాస్త దూరంలో పొలంలో దించారు. అప్పటికే లోపల పొగ నిండిపోయింది. 134 మందిలో 123 మంది చనిపోయారు. ప్రయాణికుల్లో బతికింది ఒక్కడే. నిషేధించినా ఎవడో ఒకడు వెలిగిస్తాడు, వెలిగించినవాడు ఆ నిప్పును కాగితాల బుట్టలో పడేయకుండా ఉండాలి, అందుకని యాష్‌ట్రే ఇప్పటికీ తప్పనిసరి. అంటే అది నీ కోసమే పెట్టారు. నీ మీద వాళ్లకున్న అభిప్రాయం అది. 1983 జూన్‌లో ఎయిర్ కెనడా డీసీ-9లో మళ్లీ బాత్రూమ్ వైపు నుంచే మంట. సిన్సినాటిలో దిగాక తలుపులు తెరిచారు, దిగగలిగినవాళ్లు దిగారు, 23 మంది లోపలే ఉండిపోయారు. నిప్పు ఎలా పుట్టిందో తేలలేదు. ఆ తర్వాతే బాత్రూముల్లో స్మోక్ డిటెక్టర్లు, చెత్తబుట్టల్లో వాటంతటవే పనిచేసే ఆర్పే సీసాలు తప్పనిసరి అయ్యాయి.

ఆ డిటెక్టర్‌కు తడి టిష్యూ చుట్టు. అమెరికాలో దాన్ని కదిలించడాన్ని ఫెడరల్ చట్టం నిషేధించిందని టేకాఫ్‌కు ముందు చెబుతారు. ఆ టైముకు నువ్వు ఇయర్‌ఫోన్స్‌లో పాటలు వింటుంటావు కాబట్టి నీకు వర్తించదు. పట్టుబడితే గట్టిగా అడుగు: "ఇది పొగ కాదండీ, ఆవిరి!" మన కుర్రాళ్లంతా ఈ మాట నమ్మకంగా అంటారు, నాకు ముచ్చటేస్తుంది. ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్ కలిసిన సన్నటి తుంపర్లు అవి. సినిమా పాటలో హీరోయిన్ చుట్టూ తేలే పొగమంచు యంత్రంలోనూ అలాంటి సరుకే పోస్తారు. డిటెక్టర్ గాలిలో నలకలను పట్టుకుంటుంది, వాటి కులగోత్రాలు అడగదు. పైగా 2016లో అమెరికా రవాణా శాఖ, ఇ-సిగరెట్ కూడా పొగతాగడం కిందికే వస్తుందని రాసి పారేసింది. అయినా వాదించు. 35,000 అడుగుల ఎత్తులో వాదన వినడానికి విమానం ఆపరు, అంతే తేడా.

పెద్దలు చూపిన దారిలో నడవాలంటే చైనాకు వెళ్దాం. 2018 జూలై 10న ఎయిర్ చైనా విమానం హాంకాంగ్ నుంచి దాలియన్ వెళ్తోంది. కాక్‌పిట్‌లో కోపైలట్ వేప్ పీల్చాడు. ఆ వాసన ప్రయాణికుల దగ్గరికి పోకూడదని, గాలిని తిప్పే ఫ్యాన్లు ఆపబోయి పక్కనే ఉన్న ఎయిర్ కండిషనింగ్ మీటలు ఆపేశాడు. క్యాబిన్‌కు గాలి అందించేవి అవే. హెచ్చరిక మోగింది, ఆక్సిజన్ మాస్కులు ఊడిపడ్డాయి, విమానం 10,000 అడుగులకు దిగింది. మాస్కులు తగిలించుకుని జనం దేవుణ్ని తలుచుకుంటున్నారు. తప్పు తెలుసుకున్నాక మీటలు వేసి, ఏమీ జరగనట్టు మళ్లీ పైకి లేపి దాలియన్ దాకా నడిపారు. మాస్కుల్లో ఆక్సిజన్ కొన్ని నిమిషాలకే సరిపోతుంది, అది ఇక లేదన్న సంగతి పక్కన పెట్టారు. విమానం నడిపేవాడే మర్యాదగా ఫ్యాన్ ఆపబోయి ఇంత చేశాడు, బాత్రూమ్‌లో నువ్వు టిష్యూ కాగితంతో ఎంత సాధించగలవో ఊహించుకో. వాళ్ల ఉద్యోగాలు, లైసెన్సులు పోయాయి. నీకు లైసెన్సే లేదు, పోయేదేముంది?

సీటు దగ్గర ప్లగ్ కనపడితే వేప్ చార్జింగ్ పెట్టు. విమానంలో దాన్ని చార్జ్ చేయకూడదన్న నిబంధన ఉండబట్టే ప్లగ్ నీకు ఖాళీగా దొరికింది. అది వేడెక్కి ఉబ్బుతోందనిపిస్తే ఎవరికీ చెప్పకుండా దుప్పటిలో చుట్టి సీటు కిందికి తోసెయ్. సిబ్బందికి తెలిస్తే గబగబా వచ్చి, ముందు మంట ఆర్పి, తర్వాత నీళ్లు పోసి చల్లారుస్తారు. దుప్పటి తడిసిపోతుంది.

మధ్యలో దోహాలో దిగుతావా? ఖతార్‌లో ఇ-సిగరెట్లు తేవడం నిషేధం. సింగపూర్ మీదుగా అయితే ఇంకా బాగు, అక్కడ 2018 ఫిబ్రవరి నుంచి దగ్గర ఉంచుకోవడమే నేరం. 2025లో ఇంకా బిగించారు. పెన్నులా, హైలైటర్‌లా కనిపించే వేప్ కొను. ఎక్స్‌రేలో పెన్ను లోపల బ్యాటరీ, కాయిల్ కనిపించినా, చదువుకునే పిల్లాడిలే అని వదిలేస్తారని ఆశపడదాం.

ఇక శంషాబాద్. బావమరుదులకని డిస్పోజబుల్ వేప్‌లు ఒక పది తెచ్చావు కదా, గ్రీన్ చానెల్లో ఠీవిగా నడిచిరా. ఇ-సిగరెట్ల మీద మన దేశంలో 2019 సెప్టెంబర్‌లో ఆర్డినెన్స్, డిసెంబర్‌లో చట్టం వచ్చాయి. తయారీ, దిగుమతి, ఎగుమతి, రవాణా, అమ్మకం, పంపిణీ, నిల్వ, ప్రకటన, అన్నీ నేరమే. నిల్వ తప్ప మిగతావాటికి మొదటిసారి ఏడాది దాకా జైలో, లక్ష రూపాయల దాకా జరిమానానో, రెండూనో. మళ్లీ చేస్తే మూడేళ్లు, అయిదు లక్షల దాకా. చూశావా, ఆ జాబితాలో "తాగడం" అన్న మాట లేదు! ఇక్కడే నీ తెలివి చూపించు. కస్టమ్స్ ఆఫీసర్‌తో, "తాగడం నేరమని ఎక్కడా రాయలేదు సార్" అను. "సరే బాబూ, అది నీ నోటి దాకా ఎలా వచ్చింది?" అని ఆయన అడుగుతాడు. అమ్మకం, దిగుమతి, రవాణా, నిల్వ, వీటిలో ఏదీ కాని దారి ఒకటి చెప్పు చూద్దాం. తిరుగు ప్రయాణానికి కూడా బెంగ లేదు. మన విమానాశ్రయాల్లో ఇ-సిగరెట్ చేతి సంచీలోనూ కూడదు, చెక్‌ఇన్ పెట్టెలోనూ కూడదు. ఎక్కడ పెట్టాలన్న సందేహం ఒక్క దేశమైనా తీర్చింది.

ఇవన్నీ తు.చ. తప్పకుండా పాటించు. ఏదైనా తేడా వచ్చి ఎవరైనా అడిగితే నా పేరు మాత్రం చెప్పకు. ఈసారి నాకు హైదరాబాద్‌లో హెచ్‌వన్‌బీ వీసా స్టాంపింగ్ ఉంది. అందుకే నా వేప్‌ను డల్లాస్‌లో డ్రాయర్లోనే వదిలేసి, నికోటిన్ గమ్ ప్యాకెట్ జేబులో వేసుకుని వెళ్తున్నాను.