సర్జరీ సీటు విషయమై బందరు నుంచి ఒక ఫిర్యాదు

ఇంటిపన్ను వేళకి కట్టే గృహస్థుణ్ణి. అలాంటి నాకు నా ఇంట్లోనే దగ్గే స్వేచ్ఛ లేకుండా పోయిందని మనవి చేసుకుంటున్నాను. మా అమ్మాయి ఎంబీబీఎస్ పాసై, చేస్తే జనరల్ సర్జరీయే చేస్తానని భీష్మించుకు కూర్చుంది. దాని చదువు కోసం టీవీ నోరు నొక్కేశాం. కుక్కరు కూత పెడితే మా ఆవిడ దానికేసి గుడ్లురుముతుంది.

హౌస్‌సర్జన్సీ నాటి నుంచీ పిల్ల నా పట్టెమంచం కోడుకి నల్లదారం చుట్టి, ఒంటిచేత్తో ముడులు వెయ్యడం సాధన చేస్తోంది. ముడి మీద ముడి, దాని మీద ఇంకో ముడి. దోమతెర తాడు కట్టే చోటు లేక నన్ను బందరు దోమలకి అప్పజెప్పారు. పోనీ, విద్య కోసమే కదా అనుకున్నా. తీరా చూస్తే సీటు తేల్చే నీట్ పీజీ పరీక్షలో ఆ చేతుల వంక చూసే నాథుడే లేడు! 200 ప్రశ్నలు, 800 మార్కులు, తప్పు రాస్తే ఒక మార్కు కోత. పరీక్ష మొత్తమ్మీద కోత అంటూ ఉంటే అదొక్కటే. పెడనలో కలంకారీ అద్దకానికి కుర్రాణ్ణి పెట్టుకోవాలన్నా ముందు గుడ్డపీలిక ఇచ్చి అచ్చు వేయించి చూస్తారే!

ఆ తేదీలైనా నిలకడగా ఉంటాయా? 2024లో జూన్ 23న పరీక్ష అన్నారు, 22 రాత్రి వాయిదా అన్నారు, ఆగస్టు 11న రెండు పూటలుగా పెట్టారు. మరుసటేడు సుప్రీంకోర్టు ఒకే పూట పెట్టమంటే, జూన్ 15 కాస్తా ఆగస్టు 3 అయింది. అవనిగడ్డ సంబంధం వాళ్లు మాత్రం మాట మీద నిలబడ్డారు: "పీజీ తేలాక మాట్లాడుకుందామండీ."

"2023లో మీ ఊళ్లోనే మెడికల్ కాలేజీ పెట్టారుగా బావగారూ, అక్కడ చేర్పించెయ్యండి," అని గుడివాడ నుంచి మా బావమరిది ఉచిత సలహా. అది 150 ఎంబీబీఎస్ సీట్లతో మొదలైందని వడ్లమిల్లు హోరులో అతనికి వినబడదు. ప్రభుత్వ పీజీ సీట్లలో సగం ఆలిండియా కోటా, మిగతా సగానికి విజయవాడ హెల్త్ యూనివర్సిటీ కౌన్సెలింగ్ అని చెబితే, "ఎవరైనా తెలిసినవాళ్లున్నారా?" అంటాడు.

ఇక మేనేజ్‌మెంట్ కోటా. మా బందరు డాక్టరు పట్టాభి సీతారామయ్యగారు ప్రాక్టీసు మానుకున్నాక, 1923లో ఇక్కడే ఆంధ్రా బ్యాంకు పెట్టారు. ఇప్పుడు వరస తిరగబడింది. ముందు బ్యాంకు, తర్వాతే డాక్టరీ. ఆ ఆంధ్రా బ్యాంకూ 2020లో యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది గనక పొలం కాగితాలు అక్కడికే పట్టుకెళ్లాలి.

ఎమ్మెస్ మూడేళ్లట. తర్వాత ఎంసీహెచ్‌కి నీట్ ఎస్సెస్ అని ఇంకో పరీక్ష ఉందట. ఈ సంగతి మా ఆవిడకి ఇంకా చెప్పలేదు.