గేదెకు తవుడు, మనకు మాత్ర

బియ్యం కొట్టుకు వెళ్లి "మంచి బియ్యం ఇవ్వండి" అంటే కొట్టాయన ముందు అడిగేది ఒకటే: "సింగిల్ పాలిషా, డబుల్ పాలిషా?" బూట్లకు అడగాల్సిన ప్రశ్న అన్నానికి అడుగుతున్నాడేమని మనకెన్నడూ అనుమానం రాదు. గుప్పెడు తీసి, వెలుతురులో పెట్టి, మల్లెమొగ్గల్లా మెరిస్తేనే బస్తా దింపిస్తాం.

ఆ మెరుపు వెనక కథ చూడండి. ఊక పోయాక గింజను అంటిపెట్టుకుని పలచని పొర ఒకటి ఉంటుంది. పీచు, బీ విటమిన్లు, మెగ్నీషియం చాలావరకు అందులోనే. మిల్లులో దాన్ని గీకి తవుడు చేస్తారు. గీకినందుకు డబ్బు మనమే ఇస్తాం. మిగిలిన గింజను మూడు నీళ్లు కడిగి కడుగు పారబోస్తాం, గంజి వారుస్తాం. నీటిలో కరిగే విటమిన్లు దాంతోపాటే సెలవు తీసుకుంటాయి. తవుడు, కడుగు, గంజి అన్నీ కుడితి తొట్టిలో కలుస్తాయి. గేదె ఒళ్లు నిగనిగలాడుతుంది. మన అన్నం నిగనిగలాడుతుంది.

ఇక తిరిగి కొనుక్కునే కార్యక్రమం. నీరసంగా ఉందంటూ మందుల షాపులో చీటీ అక్కర్లేకుండానే ఒక షీటు బీకాంప్లెక్స్. విరేచనం సాఫీగా కావడం లేదంటూ ఇసబ్గోల్ డబ్బా. గుండెకు మంచిదటంటూ తవుడు నూనె సీసా. దాని పేరు ఇంగ్లీషులో ఉంటుంది కనుక తవుడని తెలియదు, మర్యాద దక్కుతుంది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడం పాత సామెత. పిల్లను మనమే అమ్మేసి, వాయిదాల మీద తిరిగి కొనుక్కోవడం కొత్త తెలివి.

బలం తవుడులోనే ఉందన్న సంగతిని కోళ్లు ఏనాడో కనిపెట్టాయి. 1890ల్లో జావాలో క్రిస్టియాన్ ఐక్‌మన్ అనే డచ్చి వైద్యుడి కోళ్లు కాళ్లు చచ్చుబడి కూలబడ్డాయి. అవి తింటున్నది సైనిక ఆసుపత్రి వంటింట్లో మిగిలిన తెల్లన్నం. కొత్తగా వచ్చిన వంటవాడు మిలిటరీ అన్నం కోళ్లకు పెట్టేది లేదన్నాడు. ముడిబియ్యం తిన్న కోళ్లు లేచి నడిచాయి. వంటవాడి పిసినారితనం కోళ్లను బతికించింది. ఐక్‌మన్‌కు 1929లో నోబెల్ వచ్చింది.

తెల్లన్నం మీదే బతికే మనుషులకు వచ్చే అలాంటి జబ్బే బెరిబెరి. మన దేశంలోనూ దాని మీద పరిశోధనకే 1918లో కూనూరులో ఒక గదిలో చిన్న విభాగం పెట్టారు. అది పెరిగి పెద్దదై 1958లో హైదరాబాదుకు తరలింది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ అదే. తెల్లబియ్యం తెచ్చిన రోగం కోసం పుట్టిన సంస్థ, వచ్చి వచ్చి తెల్లన్నం లేనిదే ముద్ద దిగని మన మధ్యే మకాం పెట్టింది. వాళ్లు చెబుతూనే ఉన్నారు. మనం మారన్నం వడ్డించుకుంటూ వింటూనే ఉన్నాం.

సర్కారు మాత్రం తక్కువ తిందా? రేషన్ బియ్యాన్నీ తెల్లగా మర పట్టించి, వంద కిలోలకు కిలో చొప్పున ఇనుము, ఫోలిక్ యాసిడ్, బీ12 దట్టించిన గింజలు కలిపే పథకాన్ని 2021 ఆగస్టు 15న ప్రధాని ఎర్రకోట మీంచి ప్రకటించారు. జనం చేటలో పోసి, ఇవేవో ప్లాస్టిక్ బియ్యమని ఏరి పారేశారు. బలం గడప దాకా వస్తే గుర్తుపట్టలేకపోయాం. ఎన్నాళ్ల ఎడబాటో!

గుర్రానికి ఉలవలు పెట్టి, దాని పరుగు చూసి మురిసిన వాళ్లం. అబ్బాయి జిమ్‌లో చేరగానే ఉలవలు గుర్తు రావు, డబ్బా గుర్తొస్తుంది. వే ప్రొటీన్ అంటే చీజ్ చేయగా మిగిలిన తేటనీళ్లలోంచి తీసిన పొడి. ఇంట్లో పాలు విరిగితే అమ్మ ఆ తేటను సింకులో ఒంపేస్తుంది. కొడుకు అలాంటి తేట పొడికే వేలు పోసి, గిలక్కొట్టుకుని తాగుతాడు. కండల కోసం ప్రొటీన్ పొడులు వద్దని 2024 ఆహార మార్గదర్శకాల్లో తార్నాక వాళ్లు చెప్పారు. ఎవరు వింటారు? వాళ్ల పుస్తకం అట్ట మీద సిక్స్‌ప్యాక్ లేదు.

పరీక్ష చేసి, లోపం తేల్చి డాక్టరు రాస్తే మాత్ర మింగాల్సిందే. శాకాహారికి బీ12 తగ్గితే అది వేళాకోళం కాదు. నేను ఆడిపోసుకునేది కంచంలోంచి తీసేసి సీసాలో వెతుక్కునే తెలివినే. కంచం వైపు చూడని ఆ తెలివి షుగర్ దగ్గరా అంతే. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధ్యయనం 2023లో తేల్చిన లెక్క ప్రకారం దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10 కోట్ల పైమాటే. ఆ గుమ్మంలో నిలబడ్డవాళ్లు మరో 13 కోట్ల 60 లక్షలు. షుగర్ అని తేలగానే మనం చేసే మహాత్యాగం టీలో చెంచాడు చక్కెర మానడం. కంచంలో అన్నం గుట్ట మాత్రం అంగుళం తగ్గదు. తెల్లన్నం నెత్తురులోకి చక్కెరగానే చేరుతుందన్న కబురు ఆ గుట్ట దాటి మన దాకా రాలేదు.

తవుటికి వచ్చిన చెయ్యే ధనానికీ వస్తుందని పెద్దలు దొంగ గురించి హెచ్చరించారు. మన తవుడు పట్టుకుపోయిన చెయ్యి ఇప్పుడు మాత్రల సీసాతో మళ్లీ తలుపు తడుతోంది. మనం లోపలికి పిలిచి, కుర్చీ వేసి, రెండు కొంటే తగ్గింపు ఏమైనా ఉందా అని అడుగుతున్నాం.