థ్రెడ్డు పోతే ఎం-సీలా?

మా రోజుల్లో ఆయిల్ బోల్టు ఫ్రీగా తిరిగిందంటే ఇంజన్ లేత్ దుకాణానికి పోయేది. ఇప్పుడు దుకాణంలోంచి ఎం-సీల్ ప్యాకెట్టు బయటికొస్తోంది. మొన్న గోదావరిఖని లక్ష్మీనగర్‌లో కళ్లారా చూశాను. మెకానిక్ కుర్రాడు డ్రెయిన్ బోల్టుకు టెఫ్లాన్ టేపు చుట్టి, పైన ఎం-సీల్ మెత్తి, "గింతే ఉంటది తాతా, పాత బండి గదా" అన్నాడు. బండి పాతబడితే థ్రెడ్డు పోదు. ఆయిల్ మార్చిన ప్రతిసారీ పానాకు పైపు తొడిగి బిగిస్తే పోతుంది.

ఇంజన్ కేసు అల్యూమినియం, బోల్టు ఉక్కు. తెగేది ఎప్పుడూ మెత్తనిదే. సైడు కవరుకుండే 6 ఎంఎం బోల్టుకు 10 న్యూటన్ మీటర్ల బిగువు చాలు. అంటే మీటరు పొడవు కడ్డీ చివర కిలో బరువు వేలాడదీసినంత. అలాంటి బోల్టు మీద ఇంపాక్ట్ గన్ను పెడుతున్నారు! అది టర్రుమనేసరికే లోపలి పళ్లు లేచిపోతాయి.

సింగరేణిలో ఫిట్టరు పని నేర్చినవాళ్లకు బోల్టంటే ఈ అలుసు లేదు. భూగర్భ గనిలో స్విచ్ పెట్టెలు, మోటార్లు ఫ్లేమ్‌ప్రూఫ్‌వి. లోపల రవ్వ లేచి గ్యాస్ అంటుకున్నా, మూత సందులోంచి బయటపడేలోపే ఆ మంట చల్లారాలి. లేకపోతే బయటున్న మీథేన్ అంటుకుంటుంది. అందుకే మూతకు ఒక్క బోల్టు లేకున్నా, ఒక్క థ్రెడ్డు పట్టకున్నా ఆ పెట్టెకు కరెంటు ఇవ్వనిచ్చేవాళ్లు కాదు. "మిగతావి గట్టిగనే ఉన్నయ్ గదా" అనే మాట అక్కడ చెల్లదు. ఆ చేతులే షిఫ్టు దిగి వచ్చి, క్వార్టర్ ముందు సొంత బండి విప్పేవి. రాజ్‌దూత్, బుల్లెట్, 1985లో వచ్చిన సీడీ 100, ఏదైనా సరే అదే పద్ధతి.

బుల్లెట్‌తో చిక్కు వేరే. మద్రాసులో 1955లో మొదలైన ఆ బండికి చాలాకాలం అంగుళాల కొలత బోల్టులే. విట్‌వర్త్ థ్రెడ్డు కోణం 55 డిగ్రీలు, మెట్రిక్‌ది 60. కంటికి ఒకేలా ఉందని దూర్చితే రెండు చుట్లు ఎక్కి, తర్వాత కొరకడం మొదలుపెడుతుంది. ముందు పిచ్ గేజీ ఆనించి చూసి, ఆ తర్వాతే పానా పట్టేవాళ్లం.

థ్రెడ్డు పోతే బుష్ వేసేవాళ్లం. ఇత్తడి బుష్‌ను లేత్ మీద తిప్పించి, లోపల పాత కొలత, బయట పెద్ద కొలత థ్రెడ్డు కోయించేవాళ్లం. కేసుకు ట్యాప్ కొట్టడంలోనే అసలు పనితనం. నాలుగు చుక్కలు కిరోసిన్ వేసి, మూలమట్టం పెట్టి ట్యాపు నిటారుగా ఉందో చూసుకుని, సగం చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి. వెనక్కి తిప్పినప్పుడే పొట్టు తెగుతుంది. చేతికి బరువు తగిలిందా, ట్యాపు బయటికి తీసి తుడవాల్సిందే. ఒక్క రంధ్రానికి పూటంతా పట్టినా ఎవరూ విసుక్కునేవారు కాదు.

నాకు కోపం వచ్చేది ఇక్కడే. మాకు అందని సామాను వీళ్లకు అందుతోంది. హెలీకాయిల్ అని స్టెయిన్‌లెస్ తీగ చుట్ట, రెండో ప్రపంచ యుద్ధంనాటి విమాన ఇంజన్లలోనే వాడారు. 6 ఎంఎం బోల్టుకైతే పాడైన రంధ్రాన్ని 6.3 డ్రిల్లుతో పెంచి, ఆ చుట్టకు తగిన ట్యాప్ కొట్టి, పైఅంచుకు పావు చుట్టు కిందికి దిగేదాకా చుట్టను తిప్పాలి. దాని తోక విరిచి బయటికి తీసేయాలి. పాత బోల్టే సరిపోతుంది, మొదటికంటే గట్టిగా పడుతుంది. సెట్టు ఆన్‌లైన్లో ఇంటికే వస్తుంది. అయినా 8 ఎంఎం బోల్టు కొట్టి కేసు గోడ పలచన చేస్తారు, అది పగిలాక కొత్త కేసు కొనమంటారు. స్పార్క్ ప్లగ్గు రంధ్రానికైతే హెడ్డు దించకుండానే ట్యాప్ దూరుస్తున్నారు. పొట్టు సిలిండర్లో పడితే బోరు గీసుకుపోతుంది. హెడ్డు దించే ఓపిక లేకపోతే ట్యాపు గాళ్లలో గ్రీజన్నా నింపండయ్యా, పొట్టు దానికి అంటుకుంటుంది.

బండి ఇచ్చేవాళ్లూ పక్కన నిలబడాలి. బోల్టును మొదట వేళ్లతో ఎక్కించమనండి. కొత్త వాషరు వేయమనండి, దాని ఖర్చు చిల్లరే. గోదావరిఖనిలో నేను చూసిన థ్రెడ్లలో ఎక్కువ పోయింది ఆ వాషరు దగ్గరే. నలిగిన పాతదే మళ్లీ వేస్తారు, ఆయిల్ చెమ్మ కనిపిస్తుంది, కారుతోందని ఇంకో పట్టు బిగిస్తారు.