హెచ్ఎల్-60 కణాలతో తొందరగా పేపరు రాసే చిట్కాలు

హెచ్ఎల్-60 అనే ల్యుకేమియా కణాలు పరిణతి చెందేటప్పుడు యాంటీఆక్సిడెంట్ ఎంజైముల జీన్లు ఎలా పనిచేస్తాయో చూడమని గైడుగారు చెప్పారా? కంగారు పడకండి. ముందు ఫలితం రాసేసుకోండి: ‘పెరిగాయి’. ప్రయోగం ఆ తరవాత మొదలుపెట్టినా నష్టం లేదు.

కణాల కోసం, వాటిని సరఫరా చేసే పుణె ఎన్‌సీసీఎస్‌కి రాస్తే కాగితాల పని. పక్క ల్యాబు నైట్రోజన్ ట్యాంకులో అడుగున పడున్న వయల్ అడిగి తెచ్చుకోండి. పాసేజీ నంబరు అడక్కండి, మర్యాద కాదు. 1977లో లోకానికి తెలిసిన దగ్గర్నుంచి పెరుగుతూనే ఉన్న కణాలు మీ ఇన్‌క్యుబేటర్లో ఇంకో ఏడాది ఉంటే కొంపలేం మునిగిపోవు.

డీఎంఎస్ఓ అనే ద్రావకం 1.25 శాతం కలిపి అయిదారు రోజులుంచితే అవి గ్రాన్యులోసైట్ల బాట పడతాయి. ఏసీ గదిలో సీసా గడ్డకట్టిందా? పైన కరిగున్న నాలుగు చుక్కలే పీల్చండి. డీఎంఎస్ఓ తనే హైడ్రాక్సిల్ రాడికల్స్‌ని పట్టేస్తుంది కదా, మరి మీరు కొలుస్తున్నదేంటని రివ్యూయర్ అడిగితే, ‘మంచి ప్రశ్న’ అని ఊరుకోండి.

పీఎంఏ అనే రసాయనం వేస్తే ఇంకా సులువు. మారిన కణాలు మాక్రోఫేజుల్లా ఫ్లాస్కు అడుక్కి అతుక్కుపోతాయి. మీరు పైన తేలేవాటినే లాగి సెంట్రిఫ్యూజులో పెట్టండి. మారినవన్నీ ఫ్లాస్కుతోపాటు చెత్తసంచిలోకి, మారనివన్నీ మీ ట్యూబులోకి. ఆర్ఎన్ఏ ఎంత శుభ్రంగా వస్తుందో చూడండి! ‘పీఎంఏ ప్రభావం ఏమీ లేదు’ అన్న వాక్యం ఉచితం.

ఎన్‌బీటీ పరీక్షలో సూపర్ఆక్సైడ్ వదిలే కణాలు నీలంగా మారతాయి. నీలమున్న చోటే ఫొటో తీయండి. పీసీఆర్‌కి కొలబద్దగా బీటా-ఆక్టిన్ చాలు. కణం ఆకారమే మారుతుంటే ఆక్టిన్ మాత్రం నిలకడగా ఉంటుందా అంటారు కొందరు. అందరూ వాడుతున్నారుగా!

అసలు కిటుకు గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్ దగ్గరుంది. ఎంఆర్ఎన్ఏ పెరిగిందంటే ఎంజైము పెరిగినట్టే లెక్క. ఎస్టిమేటు వేశాక ఇల్లు లేచినట్టే కదా? ఆ ఎంజైము తయారీలో యూజీఏ కోడాన్ దగ్గర సెలీనోసిస్టీన్ చేరాలి. మామూలుగా అది ‘ఆగు’ అనే గుర్తు. సెలీనియం చాలకపోతే తయారీ అక్కడే ఆగిపోవచ్చు. అందుకే సీరంలో సెలీనియం ఎంతుందో చూడకండి, ఎంజైము పనితనం కొలవనే కొలవకండి. మాంగనీస్ ఎస్ఓడీ అనే ఇంకో ఎంజైము పెరిగితే ‘కణం సురక్షితం’ అని రాయండి. అది సూపర్ఆక్సైడ్‌ని హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా మారుస్తుంది. దాన్ని వదిలించేదెవరన్నది ఇంకొకరి పీహెచ్‌డీ.

ఇంట్రడక్షన్లో షాంఘై వైద్యుడు వాంగ్ ఝెన్‌యీని తప్పక స్మరించండి. ప్రోమైలోసైటిక్ ల్యుకేమియాకి రెటినోయిక్ ఆమ్లంతో ఆయన బృందం సాధించిన ఫలితాలు 1988లో వచ్చాయి. ఆ రోగానికి మూలమైన పీఎంఎల్-రారా జీన్ హెచ్ఎల్-60లో లేదన్న ముక్క మాత్రం వదిలేయండి. పత్రికా ప్రకటనలో యాంటీఆక్సిడెంట్ల పేరుతో ఉసిరికాయని పొగడండి. మీరు ఉసిరి వాడలేదు కదా అని విలేకరి అడిగితే, రెండో విడత గ్రాంటు దానికేనని చెప్పండి.