గొంతు తగ్గించి పాడినవాళ్ళు

మా రోజుల్లో రికార్డు వినడమంటే ఒక పని. ముందు మెత్తటి గుడ్డతో దుమ్ము తుడవాలి. అంచులు పట్టుకోవాలే తప్ప గీతల మీద వేలు పడకూడదు. పడిందా, మా అన్నయ్య ఊరుకునేవాడు కాదు. ముల్లు గీత తప్పి ఎగిరిపడుతుంటే దాని నెత్తిన పావలా బిళ్ళ పెట్టేవాళ్ళం. ఇరవై నిమిషాలకి ఒక వైపు అయిపోతుంది, లేచి తిప్పాలి. మధ్యలో నచ్చని పాట వచ్చినా కదిలేవాళ్ళం కాదు. అలా కూర్చోబట్టే నాలుగోసారికి ఆ నచ్చని పాటే నోట్లో ఆడేది. ఇప్పుడు పది సెకన్లు విని వేలితో పక్కకి తోసేస్తున్నారు. పాడేవాడు గొంతు విప్పకముందే వాడి పని అయిపోతోంది.

మొన్న సంక్రాంతికి మా మనవడు వచ్చాడు. వాడికి రాక్ సంగీతమంటే ప్రాణం. వాడి ఫోన్లోనే ఇంగ్లండు బృందం కింక్స్ వాళ్ళ ‘యూ రియల్లీ గాట్ మీ’ పెట్టించాను. గిటారు గర్రుమనగానే లేచి కూర్చున్నాడు. సరే కదా అని, వాళ్ళదే 1968 నాటి ‘విలేజ్ గ్రీన్ ప్రిజర్వేషన్ సొసైటీ’ రికార్డు తీసి ముల్లు వేశాను. మూడో పాట రాకుండానే, “ఏంటి తాతయ్యా, వీళ్ళు ఇలా చప్పబడిపోయారు?” అని ముల్లు ఎత్తబోయాడు.

చప్పబడలేదురా నాయనా. ఆ గర్రుమనే మోతని పుట్టించినవాళ్ళలో వాళ్ళూ ముందు వరసలో ఉన్నారు. 1964లో, వాళ్ళ గిటారిస్టు, పదిహేడేళ్ళ డేవ్ డేవిస్ తన చిన్న యాంప్లిఫయరు స్పీకరుని బ్లేడుతో కోసేశాడు. ఆ చిరుగులోంచి వచ్చిన బొంగురు మోతే నిన్ను లేపి కూర్చోబెట్టింది. ఆ సెప్టెంబరులో బ్రిటన్‌లో అదే మొదటి స్థానంలో ఉన్న పాట. అదే మోత మోగించుకుంటూ పోతే వాళ్ళకి జీవితాంతం గడిచిపోయేది. పోలేదు. 1965 తర్వాత అమెరికా సంగీతకారుల సంఘం నాలుగేళ్ళపాటు వాళ్ళని అక్కడ కచేరీలు చెయ్యనివ్వలేదు. అంత పెద్ద బజారు మూసుకుపోతే, అన్న రే డేవిస్ తన సొంత ఊళ్ళ వైపు, తన చిన్నతనం వైపు తిరిగాడు.

అదీ ఏ ఏడాది! 1968. పారిస్ వీధుల్లో విద్యార్థులు రాళ్ళు రువ్వుతున్నారు. హెండ్రిక్స్ గిటారు రికార్డు ‘ఎలక్ట్రిక్ లేడీలాండ్’ వచ్చింది. ఎవరి గిటారు విన్నా ఆకాశం పగలగొడతానంటోంది. పాతికేళ్ళయినా నిండని రే డేవిస్ మాత్రం పెరట్లో కుర్చీ వేసుకున్నవాడిలా చిన్న కొట్ల గురించి, పింగాణీ కప్పుల గురించి, ఇంట్లో ఫొటోల ఆల్బం గురించి తీరిగ్గా, హాయిగా పాడాడు. నికీ హాప్కిన్స్ పియానో వాయించాడు. గిటార్లు ఉన్నాయి గానీ మాట వినపడనిచ్చాయి.

బ్రిటన్‌లో ఆ రికార్డు నవంబరు 22న విడుదలైంది. బీటిల్స్ తెల్ల అట్ట జంట రికార్డు వచ్చిందీ ఆ రోజే. కింక్స్ రికార్డు అక్కడి అమ్మకాల పట్టికలోకే ఎక్కలేదు. మా మేనమామ అప్పట్లో ఇంగ్లండులో డాక్టరు. 1972లో సెలవుకి వచ్చినప్పుడు దీన్ని పెట్టెలో చీరల మధ్య పెట్టి తెచ్చాడు. ధర తగ్గించి ఓ మూల పడేస్తే తీసుకున్నానని చెప్పాడు.

అందులో రెండో పాట వాల్టర్ అనే చిన్ననాటి స్నేహితుడి గురించి. మొదట్లో అదేదో సరదా పాటనుకున్నాను. కాజీపేట రైల్వే క్వార్టర్లలో నాకూ ఒక వాల్టర్ ఉండేవాడు. ఇద్దరం కలిసి గార్డుగారి పెరట్లో మామిడికాయలు కొట్టేవాళ్ళం, కలిసే తన్నులు తినేవాళ్ళం. నలభై ఏళ్ళ తర్వాత హన్మకొండలో ఒక పెళ్ళిలో కనిపించాడు. షుగరు ఎంతుందని అడిగాడు, చెప్పాను. పిల్లలెక్కడున్నారని అడిగాను, చెప్పాడు. ఆ తర్వాత ఇద్దరం విస్తరి ముందు కూర్చుని అప్పడం విరుచుకుంటూ ఉండిపోయాం. ఆ రాత్రి ఇంటికొచ్చి ఆ పాట పెట్టుకున్నాను. పాత స్నేహితుడు ఎదురుపడితే మాటలు దొరక్కపోవచ్చునని ఆ కుర్రాడు రే డేవిస్‌కి అప్పటికే తెలుసు. అంత తేలిక వరసలో అంత నొప్పి ఎలా దాచాడో నాకిప్పటికీ ఆశ్చర్యమే.

ఈ కాలంలోనూ పాత రోజుల పాటలు వస్తున్నాయిగా అంటారు. వస్తున్నాయి. మన పాత సినిమా పాటనే తీసుకుని, వేగం తగ్గించి, వెనకాల వాన చప్పుడు పెట్టి, రికార్డు గరగర కలిపి వదులుతున్నారు. ఆ గరగర మా రికార్డుల మీద దుమ్ము పడితే వచ్చేది. దాన్ని పోగొట్టడానికే గుడ్డ పట్టుకుని కూర్చున్నాం మేము. ఇప్పుడు దాన్ని కొలిచి మరీ కలుపుతున్నారు, ఎందుకంటే అమ్ముడుపోతోంది కాబట్టి. రే డేవిస్‌కి ఆ పాత రోజులు ఏమీ సంపాదించి పెట్టలేదు. ఆ రికార్డుకి బ్రిటన్‌లో బంగారు గుర్తింపు, అంటే లక్ష ప్రతుల లెక్క, దక్కింది 2018లో. యాభై ఏళ్ళు పట్టింది. అన్నేళ్ళూ దాన్ని చేతి నుంచి చేతికి మోసినవాళ్ళు మొదటి వైపు పూర్తిగా విన్నవాళ్ళే అయ్యుంటారు.

మనవడు వినకుండా లేచిపోయిన పాటల్లో ఒకటి రైలు పాట. ఆవిరి ఇంజన్లలో ఆఖరిది తన గోడు తానే చెప్పుకుంటుంది. బ్రిటన్ ప్రధాన మార్గాల్లో ఆవిరి బళ్ళు ఆగిపోయింది ఆ ఏడాది ఆగస్టులోనే. ఆ పాటలో మాత్రం కింక్స్ మళ్ళీ మోత పెంచుతారు, చక్రం తిరిగినట్టు ఒకటే వరస, పాత షికాగో బ్లూస్ నుంచి తెచ్చుకున్నది. మా నాన్న కాజీపేట లోకో షెడ్డులో ఫిట్టరు. సబ్బు పెట్టి ఎంత తోమినా ఆయన గోళ్ళ పక్కన నలుపు పోయేది కాదు. ఆ చేత్తోనే నాకు అన్నం కలిపి పెట్టేవాడు. ఆ పాట వింటే నాకు బొగ్గు వాసన వస్తుంది.

అది మొదటి వైపున అయిదో పాట. వాడు మూడో పాట రాకముందే లేచాడు. వచ్చే సంక్రాంతికి ఫోను లోపలి గదిలో పెట్టించి కూర్చోబెడతాను. ముల్లు బాగానే ఉంది. గుడ్డ ఉతికి ఆరేశాను.